సిద్ధాంతమునకు హద్దు ఎక్కడ?

భౌతికశాస్త్రములో హుక్ నియమమును బోధించునపుడు ఏ ఉపాధ్యాయుడును ఒక మాటను మరువడు: “స్థితిస్థాపక అవధికి లోబడి.” తీగకు కట్టిన బరువును పెంచినకొలది తీగ సాగుటయు అదే నిష్పత్తిలో పెరుగును, కాని అది కొంతవరకే. ఆ అవధి దాటినచో బరువు తీసివేసినను తీగ మొదటి పొడవునకు తిరిగి రాదు. మరికొంత లాగినచో తెగిపోవును. కావున నియమమును నేర్చుకొనుట ఎంత అవసరమో, అది ఎచ్చట ఆగిపోవునో నేర్చుకొనుటయు అంత అవసరము. హద్దు తెలియని నియమము సగము నియమమే.

మానవుడు ఎట్లు నేర్చుకొనును, ఎందుకు పనిచేయును, సంఘము ఎట్లు మారును అను ప్రశ్నలకు మనస్తత్త్వశాస్త్రమును, సాంఘికశాస్త్రములును గడచిన నూరేండ్లకు పైబడిన కాలములో అనేక సమాధానములు చెప్పినవి. వానిలో కొన్ని ఉపాధ్యాయ శిక్షణ గ్రంథముల ద్వారా మన తరగతి గదులలోనికి, అచ్చటినుండి మన ఇండ్లలోనికి, మాటలలోనికి వచ్చి చేరినవి. “ప్రేరణ”, “సంసిద్ధత”, “పునర్బలనము” అను పదములను ఈనాడు ఉపాధ్యాయులందరును వాడుచున్నారు. మొదటి పదమును తల్లిదండ్రులు సైతము వాడుచున్నారు. ఇది సంతోషింపదగిన విషయమే. కాని ఈ సూత్రములు మనవద్దకు వచ్చునపుడు తమ హద్దులను దారిలో ఎక్కడనో జారవిడిచి వచ్చినవి. ఆ హద్దులను వెదకి మరల వానికి జతపరచుటయే ఈ విమర్శ యొక్క ఉద్దేశము.

ఒక మాట, ఒక బాలుడు

నేను కళాశాలలో భౌతికశాస్త్రము బోధించువాడను. వనపర్తి జిల్లా గోపాల్‌పేటలో ఒకనాటి సాయంకాలము బస్సు కొరకు నిలిచియుండగా, ఈ ప్రాంతపు ఒక పాఠశాలలో గణితము చెప్పు మిత్రుడు కలిసెను. మాటలలో ఎనిమిదవ తరగతి బాలుని ప్రసక్తి వచ్చినది. “వానికి ప్రేరణే లేదు సార్. ఎంత చెప్పినా అంతే” అని ఆయన నిట్టూర్చెను. ఆయన మంచి ఉపాధ్యాయుడు. కోపముతో గాక బాధతోనే ఆ మాట అనెను.

“ప్రేరణ లేదని మీకెట్ల తెలిసింది సార్?” అని అడిగితిని.

“చదువడు కద!”

“ఎందుకు చదువడు?”

“ప్రేరణ లేదు కద!”

ఇద్దరమును నవ్వుకొంటిమి. కాని బస్సు ఎక్కిన తరువాత నాకు ఆ నవ్వు నిలువలేదు. వాన ఎందుకు కురియలేదని అడిగినచో, అనావృష్టి వలన అని చెప్పినట్లున్నది ఆ సమాధానము. మేము విషయమునకు ఒక పేరు పెట్టి, కారణము కనుగొంటిమని భ్రమపడితిమి. పేరు దొరికిన పిమ్మట వెదకుట ఆగిపోవును. అసలు అపాయము అదియే. ఆ బాలుడు భిన్నములు నేర్చుకొనవలసిన నెలలలో తల్లిదండ్రులతో వలసపోయి యుండెనా? వానికి నల్లబల్లమీది అక్షరములు సరిగా కనిపించుచున్నవా? ప్రొద్దున బడికి రాకముందు ఏయే పనులు చేసి వచ్చుచున్నాడు? ఈ ప్రశ్నలన్నియు “ప్రేరణ లేదు” అను రెండు మాటల క్రింద పూడిపోయినవి.

ఇట్టి తప్పు నేనును చేసితిని. ఉద్యోగములో చేరిన క్రొత్తలో నా విద్యార్థులను “చూచి నేర్చుకొనువారు, విని నేర్చుకొనువారు, చేసి నేర్చుకొనువారు” అని మూడు జట్లుగా విభజించి, ఎవరి జట్టుకు తగినట్లు వారికి పాఠము చెప్పుచున్నానని మురిసితిని. “విని నేర్చుకొనువాడు” అని నేను ముద్ర వేసిన ఒక విద్యార్థి, తనకు పటములు అర్థము కావని తానే నమ్మి, వలయముల పటములు గీయుట మానివేసెను. తరువాత తెలిసినదేమనగా, ఈ సిద్ధాంతమునకు ఆధారములను వెదకి, 2008లో హెరాల్డ్ పాష్లర్, ఆయన సహచరులు ఒక సమీక్షను ప్రకటించిరి. విద్యార్థి జట్టునకు తగిన రీతిలో బోధించినచో ఎక్కువ నేర్చుకొనునని రుజువు చేయు సరియైన ప్రయోగములు లేవని వారు తేల్చిరి. మనుష్యులకు ఇష్టములు వేరువేరుగా నుండుట నిజము. కాని ఇష్టమునుబట్టి బోధించినచో నేర్పు పెరుగుననుట వేరొక మాట. మొదటిది చూచి రెండవదానిని నమ్మితిని.

థార్న్‌డైక్ తానే సవరించుకొన్న నియమము

ఉపాధ్యాయ శిక్షణ పొందిన ప్రతివారికిని ఎడ్వర్డ్ థార్న్‌డైక్ పేరు తెలియును. ఆయన పిల్లులను చిక్కుపెట్టెలలో నుంచి, అవి గడియ తీసికొని బయటపడుటకు పట్టు కాలమును కొలిచి, 1898లో ఆ పరిశోధనను ప్రకటించెను. ఆ ప్రయోగములనుండి పెరిగినవే సంసిద్ధతా నియమము, అభ్యాస నియమము, ఫలిత నియమము. పరీక్షలలో ఈ మూడింటిని వ్రాసి మార్కులు పొందని ఉపాధ్యాయుడు అరుదు.

కాని ఆ పాఠము అచ్చటితో ముగియలేదు. థార్న్‌డైక్ తన నియమములను తానే మరల పరీక్షించెను. మనుష్యులను కండ్లు మూసుకొని, 4 అంగుళముల గీత గీయుమని కోరెను. వారు వందలకొలది గీతలు గీచిరి. తాము గీచినది సరియో కాదో చెప్పనంతవరకు, ఎన్నిమారులు గీచినను గీత మెరుగుపడలేదు. “ఇది సరి”, “ఇది సరికాదు” అని చెప్పిన తరువాతనే మెరుగుపడినది. అనగా, వట్టి ఆవృత్తి నేర్పదు. అట్లే తప్పునకు శిక్ష, ఒప్పునకు బహుమతివలె సమానమైన ఎదురుబలము కాదనియు ఆయన కనుగొనెను: ఒప్పును మెచ్చుకొనుట ఒప్పును బలపరచును గాని, తప్పును దండించుట తప్పును అంతగా తుడిచివేయదు. 1929 తరువాత తన పూర్వాభిప్రాయములు కొన్ని తప్పని బాహాటముగా ఒప్పుకొని, 1930 తరువాత వెలువడిన గ్రంథములలో ఈ సవరణలను ప్రకటించెను. శాస్త్రజ్ఞుని గొప్పతనము నియమమును కనుగొనుటలో ఎంత కలదో, దానిని తన చేతితోనే దిద్దుకొనుటలోను అంత కలదు.

మన చేతిలోని చౌకబారు మార్గదర్శక పుస్తకములు పెక్కింటిలో మాత్రము మొదటి మూడు నియమములే నిలిచి, సవరణ జాడయైన లేదు. ఫలితమేమి? “పదిసార్లు వ్రాయుము” అను ఆజ్ఞకు అభ్యాస నియమము ఆధారమైనది. బెత్తమునకు ఫలిత నియమము ఆధారమైనది. నియమకర్త విడిచిపెట్టిన రెండు సంగతులనే మనము పట్టుకొని కూర్చుంటిమి.

విచిత్రమేమనగా, ఈ భేదము మన భాషలో ఎన్నడో ఉన్నది. పిల్లవాడు ఒంటరిగా కూర్చుండి ఒకే పద్యమును మరల మరల చదువుట “వల్లెవేయుట”. పుస్తకము మూసి, పెద్దవారి యెదుట నిలిచి, జ్ఞాపకమునుండి చెప్పుట “అప్పజెప్పుట”. మొదటిదానిలో ఆవృత్తి మాత్రమే యున్నది. రెండవదానిలో గుర్తుకు తెచ్చుకొను శ్రమయు, తప్పు దొర్లినపుడు అచ్చటనే దిద్దు మనిషియు ఉన్నారు. ఈ రెండింటి భేదమునకు దగ్గరి పరీక్షను 2006లో అమెరికాలో రోడిగర్, కార్పికె అనువారు చేసిరి. విద్యార్థులు ఒక వచనభాగమును చదివిరి. ఆ తరువాత కొన్ని భాగములను రెండవమారు చదివిరి. కొన్నింటిని పుస్తకము చూడక జ్ఞాపకమునుండి వ్రాసిరి. ఐదు నిమిషముల తరువాత పరీక్షింపగా, రెండుమారులు చదివిన భాగమే మేలుగా గుర్తున్నది: నూటికి 81, ఎదురుగా 75. కాని వారము దినముల తరువాత పరీక్షింపగా ఫలితము తారుమారయ్యెను: రెండుమారులు చదివినది నూటికి 42, జ్ఞాపకమునుండి వ్రాసినది నూటికి 56. రేపటి పరీక్షకు కాక, వచ్చే యేటికి చదువు నిలువవలెనన్నచో అప్పజెప్పుటయే మేలు.

ఇచ్చటను ఒక హద్దు కలదు. అప్పజెప్పినంత మాత్రమున అర్థమైనదని కాదు. అర్థము కాని పద్యమును తప్పులేకుండ అప్పజెప్పు పిల్లలు మనకు తెలియనివారా? జ్ఞాపకము వేరు, అవగాహన వేరు.

ఎవరును కొలవని అంకెలు

శిక్షణ తరగతులలో వ్రేలాడదీయు ఒక పటమును అందరును చూచియుందురు: చదివినదానిలో నూటికి 10, విన్నదానిలో 20, చూచినదానిలో 30, చేసినదానిలో 90 పాళ్లు గుర్తుండునని అందులో ఉండును. దానిని ఎడ్గార్ డేల్ గారి “అనుభవ శంకువు”నకు అంటగట్టుదురు. డేల్ 1946లో శంకువును ప్రకటించినమాట నిజము. కాని అది బోధనోపకరణములను ప్రత్యక్షానుభవమునుండి అమూర్త సంకేతములవరకు వరుసపరచిన పటము మాత్రమే. అందులో ఈ అంకెలు లేవు. ఇతరులు తరువాత చేర్చిన అంకెలవి. ఏ పరిశోధన నుండియు పుట్టినవి కావు.

విద్యార్థి ప్రయోగశాలలో అన్ని పఠనములును సరిగ్గా 10, 20, 30 అని వ్రాసి తెచ్చినచో మనము వెంటనే అనుమానింతుము. పుస్తకము చూచి వ్రాసితివా యని అడుగుదుము. మన గోడమీది పటమును మాత్రము అట్లు అడుగలేదు. కొలతయందు ఉండదగిన శంకను మనము విద్యార్థికి మాత్రమే వినియోగించితిమి.

కాకినాడ ప్రయోగము

ఇంతవరకు చెప్పినవి విదేశములలో పుట్టి మనవద్దకు వచ్చిన సంగతులు. మన తెలుగునాటనే జరిగి లోకప్రసిద్ధమైన ఉదాహరణమొకటి కలదు. హార్వర్డ్ విశ్వవిద్యాలయపు మనస్తత్త్వశాస్త్రజ్ఞుడు డేవిడ్ మెక్‌క్లెలాండ్ 1961లో “ది అచీవింగ్ సొసైటీ” అను గ్రంథమును ప్రకటించెను. ఒక దేశపు ఆర్థికాభివృద్ధికి ఆ దేశీయుల మనస్సులలోని “సాధన ప్రేరణ”, అనగా పనిని మునుపటికంటె మేలుగా చేయవలెనను తహతహ, ముఖ్యకారణమని ఆయన వాదము. దానిని కొలుచుటకు ఆయన ఎన్నుకొన్న సాధనములలో ఒకటి ఉపాధ్యాయులకు వింతగా తోచును: అనేక దేశముల పసిపిల్లల వాచకములు! వానిలోని కథలలో సాధన ప్రేరణ ఎంత కలదో లెక్కించి, దానిని ఆ దేశముల విద్యుదుత్పత్తి పెరుగుదలతో పోల్చెను. 1925 ప్రాంతపు వాచకములకును, తరువాతి కాలపు విద్యుదుత్పత్తికిని సంబంధము కనిపించినది. కాని పిమ్మటి పరిశోధకులు 1950 ప్రాంతపు వాచకములను ఆ తరువాతి అంకెలతో పోల్చగా ఆ సంబంధము నిలువలేదు.

ఈ ప్రేరణను పెద్దవారికిని నేర్పవచ్చునా అను ప్రశ్నకు సమాధానము వెదకుచు, 1964లో ఆయన బృందము కాకినాడను ఎన్నుకొన్నది. అచ్చటి వ్యాపారులను, చిన్న పారిశ్రామికులను హైదరాబాదులోని చిన్న పరిశ్రమల విస్తరణ శిక్షణ సంస్థకు పిలిపించి సుమారు పది దినములు శిక్షణ ఇచ్చిరి. ఈ సంస్థ 1960లో ఢిల్లీలో ఏర్పడి, 1962లో హైదరాబాదునకు మారినది. శిక్షణలో వ్యాపార లెక్కలకంటె మనస్సునకే ప్రాధాన్యము. బొమ్మలు చూచి కథలు వ్రాయుట, ఆ కథలలో తమ ఆలోచనలను తామే గుర్తించుట, ముందు రెండేండ్లలో చేయదలచిన పనిని నిర్ణయించుకొనుట అందులోని భాగములు. కొంత దూరమునుండి మేకునకు ఉంగరములు విసరు ఆటయు ఉండెను. మరీ దగ్గరనుండి విసరినచో గెలుపునకు విలువ లేదు. మరీ దూరమునుండి విసరినచో గెలుపు అదృష్టమే. నేర్పునకు పరీక్షయగు నడిమి దూరమును ఎన్నుకొనువానికి సాధన ప్రేరణ అధికమని వారి భావము.

పోలిక కొరకు శిక్షణ పొందని వ్యాపారులను, రాజమండ్రి పట్టణమును పరిశీలించిరి. శిక్షణ పొందినవారిలో, పొందనివారికంటె ఎక్కువమంది క్రొత్త వ్యాపారములు, విస్తరణలు చేపట్టిరని మెక్‌క్లెలాండ్, డేవిడ్ వింటర్ 1969లో ప్రకటించిన గ్రంథములో వ్రాసిరి. కులము, పూర్వాచారములు, పాశ్చాత్య జీవనరీతి లేకుండుట ఈ మార్పునకు అడ్డము కాలేదనియు చెప్పిరి. ఆనాడు హిందూదేశపు ఆచారములే అభివృద్ధికి సంకెళ్లని పలువురు విద్వాంసులు తలచుచుండిరి. ఆ అభిప్రాయమునకు ఈ ప్రయోగము ఎదురుసాక్ష్యము పలికినది. అది దాని మేలు.

ఇక దాని హద్దులు చూతము. మొదటిది: శిక్షణకు వచ్చినవారు ఎవరు? పది దినములు వ్యాపారము విడిచి ఇష్టపూర్వకముగా హైదరాబాదునకు వచ్చినవారు. అట్టివారు శిక్షణ లేకున్నను ముందుకు పోవువారే కావచ్చును. చీట్లు వేసి కొందరిని శిక్షణకు, కొందరిని పోలికకు విడదీసియున్నచో ఈ అనుమానమునకు తావుండెడిది కాదు. రెండవది: వారి చేతిలో ఏమున్నది? దుకాణము, కొంత పెట్టుబడి, అప్పు పుట్టు పరపతి ఉన్నవి. తమ వ్యాపారములో నిర్ణయాధికారము తమదిగా ఉన్నవారియందే ఫలితము హెచ్చుగా కనిపించెనని పరిశోధకులే వ్రాసిరి. ఇదియే ఈ సిద్ధాంతపు స్థితిస్థాపక అవధి! మనసు మార్పు, చేతిలో పగ్గములున్న వానికి పనికివచ్చును. పగ్గములు వేరొకరి చేతిలో ఉన్నవానికి అది ఎంతవరకు పనికివచ్చునో ఆ ప్రయోగము చెప్పలేదు. కాని వాణిజ్య, విద్యాశాస్త్ర పుస్తకములలోనికి చేరునాటికి ఈ షరతు జారిపోయి, “సాధన ప్రేరణ ఉన్నవారు వృద్ధిలోనికి వత్తురు” అను ఒక్క వాక్యము మిగిలినది. దాని వెనుక ఒక క్రూరమైన వాక్యము దాగియున్నది: వృద్ధిలోనికి రానివారికి అది లేదు.

న్యాయముగా ఇంకొక మాటను చెప్పవలెను. ఈ ఆలోచన వట్టిది కాదు. ఆఫ్రికాలోని టోగో దేశములో 1,500 చిన్న వ్యాపారములను చీట్లు వేసినట్లు మూడు జట్లుగా విభజించి చేసిన ప్రయోగపు ఫలితములు 2017లో వెలువడినవి. స్వయంచొరవను పెంచు మనస్తత్త్వ శిక్షణ పొందినవారి లాభములు సుమారు నూటికి 30 పాళ్లు పెరిగినవి. మామూలు వ్యాపార శిక్షణ పొందినవారి పెరుగుదల చెప్పుకోదగినంత రుజువు కాలేదు. కావున కాకినాడ ప్రశ్న మంచి ప్రశ్నయే. అచ్చటను వారు ముందే వ్యాపారములున్నవారని మాత్రము మరువరాదు.

పాలమూరు చెప్పు సాక్ష్యము

ఈ క్రూరవాక్యము మా ప్రాంతమునకు నేరుగా తగులును. పాలమూరు కూలి అనగా దేశమంతటను తెలియును. మేస్త్రీవద్ద ముందుగా రూకలు తీసికొని, పిల్లజెల్లలతో దూరదేశములకు పోయి, ఆనకట్టలకు, కాలువలకు మట్టి త్రవ్వినవారు మా ప్రజలు. ఊరిలో భూమి ఉండియు వలసపోవువారిని చూచి, “వీరికి ఎదుగవలెనను ఆశ లేదు” అని చదువుకొన్నవారు అనుట నేను చిన్ననాటినుండి వినుచున్నాను. ఆశ లేనివాడు తెలియని భాష మాట్లాడు ఊరికి బిడ్డను చంకనెత్తుకొని పోవునా అని ఎవరును అడుగలేదు.

తరువాత మహాత్మాగాంధీ కల్వకుర్తి ఎత్తిపోతల పథకము ద్వారా, శ్రీశైలము జలాశయపు నీటిని ఎల్లూరు, జొన్నలబొగుడ, గుడిపల్లిగట్టు అను మూడు చోట్ల ఎత్తి, నాగర్‌కర్నూలు, వనపర్తి ప్రాంతముల పొలములకు పంపిరి. 2010 తరువాతి సంవత్సరములలో నీరు చేరిన ఊళ్లలో యాసంగిలో సైతము వరినాట్లు పడినవి. వానను నమ్మి వేరుసెనగ, ఆముదము వేసిన చేతులే నారు పోసినవి. వలసపోయినవారిలో కొందరు తిరిగి వచ్చిరి. ఈ నడుమ వారికి ప్రేరణ శిక్షణ ఎవరును ఇవ్వలేదు. మనుష్యులు వారే, మారినది నీరు.

అయితే నేను ఇతరుల వాదమునకు పెట్టిన పరీక్షను నా వాదమునకును పెట్టవలెను. ఆ కాలములో మారినది నీరు ఒక్కటియేనా? 2018 జనవరి నుండి తెలంగాణములో వ్యవసాయమునకు 24 గంటల ఉచిత విద్యుత్తు వచ్చినది. అదే యేడు రైతుబంధు పథకము క్రింద పెట్టుబడి సాయము ఆరంభమైనది. రోడ్లు, ధరలు, చదువులు మారినవి. కావున నీరే సర్వకారణమని నేను రుజువు చేయలేదు. నేను చూపినది ఒక్కటే: అవకాశము మారినపుడు, “ఆశ లేనివారు” అని ముద్రపడినవారి నడవడియు మారినది. ఆ ముద్ర తప్పని చెప్పుటకు అది చాలును.

సరియైన పోలిక ఎట్లుండును?

మనుష్యులపై ప్రయోగము సాధ్యము కాదు, ఊహలే గతి అని కొందరు అందురు. అది నిజము కాదని మన రాష్ట్రములోనే రుజువైనది. బోధనకు ప్రోత్సాహకముగా అదనపు ధనము ఇచ్చినచో పిల్లల చదువు మెరుగుపడునా అను ప్రశ్నపై, కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ అను ఆర్థికశాస్త్రజ్ఞులు నాటి ఆంధ్రప్రదేశములో 2005–06 విద్యా సంవత్సరమునుండి ప్రయోగము చేసిరి. గ్రామీణ ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలలో 300 పాఠశాలలను చీట్లు వేసిన రీతిగా మూడు జట్లు చేసిరి. నూరు పాఠశాలలలో ఒక్కొక్క ఉపాధ్యాయునికి తన పిల్లల ప్రగతినిబట్టి, నూరింట పాఠశాల మొత్తపు ప్రగతినిబట్టి అదనపు ధనము లభించును. నూరింట ఏమియు లేదు.

రెండేండ్లకు ప్రోత్సాహకమున్న పాఠశాలల పిల్లలు గణితములో 0.27, భాషలో 0.17 ప్రామాణిక విచలనముల మేరకు ముందుండిరి. ప్రోత్సాహకము లేని సామాన్యశాస్త్రము, సాంఘికశాస్త్రములలోను వారు వెనుకబడలేదు, పైగా మెరుగుపడిరి. ఉపాధ్యాయుల హాజరు మాత్రము పెరుగలేదు. వచ్చిన దినములలోనే అదనపు తరగతులు, అభ్యాస పరీక్షలు పెట్టిరని తెలిసినది. 2011లో వెలువడిన ఈ ఫలితము నచ్చినను, నచ్చకున్నను, దీనితో వాదించుట సాధ్యము; ఏలనగా పోలిక స్పష్టముగా నున్నది. హద్దులును స్పష్టముగా నున్నవి: అవి ప్రాథమిక పాఠశాలలు, గ్రామీణములు, కాలము రెండేండ్లు. ఉన్నత పాఠశాలకు దీనిని ఉన్నదున్నట్లు అన్వయింపరాదు. పరీక్షించిన దానినే మెరుగుగా నేర్పుదురు గాని, పరీక్షింపని సచ్ఛీలము, కుతూహలము సంగతి ఏమి అను ప్రశ్నయు మిగిలియున్నది.

తరగతిలో చేయదగిన పని

ఉపాధ్యాయ మిత్రులు ఇట్టి పనిని చిన్న పాటిగా తామే చేయవచ్చును. దీనికి ధనము అక్కరలేదు. సమానమైన కష్టము గల రెండు పాఠభాగములను తీసికొనుడు. తరగతిలోని పిల్లల పేర్లు చీట్లపై వ్రాసి, రెండు జట్లుగా తీయుడు. మొదటి జట్టు మొదటి పాఠమును రెండుమారులు చదువవలెను. రెండవ పాఠమును ఒకమారు చదివి, పుస్తకము మూసి, జ్ఞాపకమున్నది వ్రాయవలెను. రెండవ జట్టునకు దీనిని తారుమారు చేయుడు. వారము తరువాత రెండు పాఠములపై చెరి పది ప్రశ్నలు ఇచ్చి, ఏ రీతిగా చదివినదానికి మార్కులు హెచ్చినవో లెక్కించుడు. ప్రతి విద్యార్థియు రెండు రీతులను అనుసరించును కనుక ఎవరికిని అన్యాయము జరుగదు. పేపరు దిద్దునపుడు అది ఏ జట్టుదో మీకు తెలియకుండ ఇంకొకరిచేత అంకెలు వేయించినచో ఇంకను మంచిది. మన ఇష్టము మన ఎర్రసిరాలోనికి చేరకుండును.

ఫలితము రోడిగర్, కార్పికె చెప్పినట్లు రాకపోవచ్చును. అప్పుడు విచారపడవలదు. నలుబదిమంది పిల్లల తరగతిలో తేడా దైవికముగను రావచ్చును. మరల వేరొక పాఠముతో చేయుడు. పిల్లలకు అంకెలను చూపి, ఎందుకట్లు వచ్చినదో వారినే అడుగుడు. సిద్ధాంతమును నమ్మించుటకంటె పరీక్షించుట నేర్పుట విజ్ఞానశాస్త్రమునకు దగ్గరి పని.

విద్యార్థులు తమ నిత్యజీవితములోను ఈ అలవాటును పెంచుకొనవచ్చును. మనిషి నడవడిని గూర్చి ఏ సూత్రము వినినను మూడు ప్రశ్నలు వేయుడు. ఇది ఎవరిని, ఏ పరిస్థితులలో చూచి చెప్పినది? దేనితో పోల్చి చెప్పినది? ఏది కనిపించినచో ఇది తప్పని ఒప్పుకొందురు? మూడవ ప్రశ్నకు సమాధానము లేనిచో, అది సామెత కావచ్చును గాని శాస్త్రము కాదు. ఈ ప్రశ్నలను పక్కింటివారిపై వేయుటకు ముందు మన సొంత అభిప్రాయములపై వేయుట మర్యాద.

చివరి మాట

గోపాల్‌పేట మిత్రునికి కొన్ని దినముల తరువాత ఫోను చేసితిని. ఆయనయు ఊరక కూర్చుండలేదు. ఆ బాలుని ప్రక్కన కూర్చుండబెట్టుకొని, ఎనిమిదవ తరగతి లెక్కలు విడిచి, క్రిందినుండి ఒక్కొక్క మెట్టు అడుగుచు వచ్చినాడట. కూడిక, తీసివేత, గుణకారము వచ్చును. భాగహారము తడబడును. భిన్నముల వద్ద పూర్తిగా ఆగిపోయినాడు. ఆ పాఠములు చెప్పిన యేట వాడు నాలుగు నెలలు బడిలో లేడు. తల్లిదండ్రులు పనికి పోయినచోట చెల్లెలిని చూచుకొనుచుండెను. నాటినుండి తరగతిలో చెప్పు లెక్కలలో ప్రతిదానిలోను ఎక్కడనో ఒక భిన్నము ఎదురగుచుండెను. అచ్చట వాడు మౌనముగా ఆగిపోవుచుండెను. ఆ మౌనమునకే మేము పేరు పెట్టితిమి.

“ఇప్పుడు రోజూ సాయంత్రం ఇరవై నిమిషాలు భిన్నాలే చేస్తున్నం సార్. చెప్పి, వానితో అప్పజెప్పించుకుంటున్న” అని మిత్రుడు అనెను. వాడు నిలదొక్కుకొనునో లేదో నేను ఇప్పుడు చెప్పలేను. ఒక్క బాలుని ఉదాహరణముతో సిద్ధాంతము రుజువు కాదని ఇంతసేపు వ్రాసినది నేనే గదా! కాని వాని విషయమున వెదకుట మరల మొదలైనది. సిద్ధాంతము చేయవలసిన పని అదియే. అది మన చేతిలో దీపము వలె ఉండి, చూడవలసిన మూలలను చూపవలెను. బాలుని నొసట అంటించు చీటీ వలె మారిననాడు, ఆ చీటీని తీసివేయవలసినవారు ఉపాధ్యాయులే.